మంత్రిగారి పేరు పేపర్లో, సరిహద్దు మనిషి గోడు కోర్టు గుమ్మంలో

కేంద్ర న్యాయశాఖ మంత్రి ఎప్పుడు వార్తల్లోకి ఎక్కుతారు? జడ్జీల నియామకాల మీద సుప్రీంకోర్టుతో మాటామాటా వచ్చినప్పుడు. పాత చట్టానికి కొత్త పేరు పెట్టినప్పుడు. లేదంటే ఉన్నట్టుండి శాఖ మారినప్పుడు. కిరణ్ రిజిజు 2022లో కొలీజియం పద్ధతి రాజ్యాంగానికే పరాయిదని విమర్శించి నెలల తరబడి పతాక శీర్షికల్లో నిలిచారు. 2023 మేలో ఆయన్ను భూవిజ్ఞాన శాఖకు పంపారు. ఆయన స్థానంలో అర్జున్ రామ్ మేఘ్‌వాల్ వచ్చారు. ఐఏఎస్ ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వచ్చిన మనిషి, రాజస్థానీ తలపాగా, సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లిన ఎంపీ అంటూ ఆ వారం పేపర్లన్నీ రాశాయి.

ఇదంతా చదవడానికి బాగానే ఉంటుంది. కానీ బాగేపల్లిలోనో, హోసూరులోనో, రాయగడలోనో, సిరొంచలోనో కోర్టు ఆవరణలో చెట్టు కింద వాయిదా కోసం కూర్చున్న తెలుగు రైతుకు దీంతో ఒరిగేదేమిటి? జడ్జీని ఎవరు నియమించారన్నది అతని సమస్య కాదు. లోపల తన గురించి ఏం మాట్లాడుకుంటున్నారో తెలియకపోవడమే అతని సమస్య. న్యాయశాఖ మంత్రి పనిని సరిహద్దు జనం ఈ ఒక్క కొలబద్దతో కొలవాలి. పేపర్లో ఆయన ఫొటో ఎంత పెద్దదిగా పడిందన్నది లెక్కలోకి రాదు.

చిక్కబళ్ళాపురం ఎంపీ న్యాయమంత్రి అయిన వేళ

సరిహద్దు తెలుగువారికి న్యాయశాఖ ఒకసారి చాలా దగ్గరగా వచ్చింది. 2009 లోక్‌సభ ఎన్నికల్లో చిక్కబళ్ళాపురం నుంచి గెలిచిన వీరప్ప మొయిలీ ఆ ఏడాదే కేంద్ర న్యాయశాఖ మంత్రి అయ్యారు. 2011 జూలై దాకా ఆ పదవిలో ఉన్నారు. ఆ నియోజకవర్గంలోని బాగేపల్లి, గుడిబండ ప్రాంతాల్లో ఇంట్లోనూ వీధిలోనూ వినపడేది తెలుగే. పక్కనే ఉన్న చింతామణి తాలూకాలోని కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పిన నేల అది. రెండు భాషలూ కలిసి బతకడం అక్కడివారికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

మొయిలీ కూడా మామూలు రాజకీయ నాయకుడు కాదు. తుళునాడులోని మూడబిదిరె ప్రాంతం ఆయనది. 1992 నుంచి 1994 వరకు కర్ణాటక ముఖ్యమంత్రి. రెండో పరిపాలనా సంస్కరణల సంఘానికి అధ్యక్షుడు. వీటన్నిటికీ మించి కన్నడ రచయిత. రామాయణాన్ని మహాకావ్యంగా కన్నడంలో రాశారు. తర్వాత సరస్వతీ సమ్మాన్ కూడా అందుకున్నారు. భాష విలువ తెలిసినవాడు, కాస్త దూరంలోనే తెలుగు పల్లెలున్న నియోజకవర్గానికి ప్రతినిధి, పైగా దేశ న్యాయశాఖ మంత్రి. ఇంతకంటే మంచి కలయిక కోరుకున్నా దొరకదు.

ఆయన ఊరికే కూర్చోలేదన్నది ఒప్పుకోవాలి. అప్పటికి కింది కోర్టుల్లో పేరుకుపోయిన కేసులు రెండున్నర కోట్లు దాటాయి. సగటున పదిహేనేళ్లు సాగే కేసును మూడేళ్లలో తేల్చాలన్న లక్ష్యాన్ని 2009 అక్టోబర్‌లో ఢిల్లీలో జరిగిన జాతీయ సదస్సు ముందు పెట్టారు. ప్రభుత్వమే దేశంలో అతి పెద్ద కక్షిదారు అని ఒప్పుకుంటూ 2010 జూన్‌లో జాతీయ వ్యాజ్య విధానం ప్రకటించారు. విచారణ ఖైదీలను విడిపించే కార్యక్రమం మొదలుపెట్టారు. జడ్జీల జవాబుదారీ బిల్లు 2010 డిసెంబర్‌లో లోక్‌సభకు వచ్చింది, 2014లో సభతో పాటే మురిగిపోయింది. పేపర్లలో మాత్రం ప్రతి ప్రకటనకూ చోటు దొరికింది. సరిహద్దు పల్లెకు నిజంగా పనికొచ్చే విషయానికి దొరికిన చోటు తక్కువ. అదే గ్రామ న్యాయాలయం.

వాకిట్లోకి వచ్చే కోర్టు

గ్రామ న్యాయాలయాల చట్టాన్ని పార్లమెంటు 2008 చివర్లో ఆమోదించింది. మొయిలీ హయాంలో 2009 అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడు అమల్లోకి వచ్చింది. దేశవ్యాప్తంగా అయిదు వేల దాకా పెట్టాలన్నది ఆనాటి ఆలోచన. ఒక్కోదానికి మొదట్లో 18 లక్షలు, మొదటి మూడేళ్లు ఏడాదికి 3 లక్షల 20 వేలు కేంద్రం ఇస్తానంది.

చట్టంలో రాసింది చదివితే ఎవరికైనా ఆశ పుడుతుంది. మొదటి తరగతి మేజిస్ట్రేటు హోదా ఉన్న న్యాయాధికారి తాలూకా కేంద్రంలో కూర్చుని ఉండిపోకూడదు. అప్పుడప్పుడూ పల్లెలకు తానే రావాలి. చిన్న నేరాలు, పొలం గట్టు తగాదాలు, నీళ్ల కాలువ పేచీలు, కనీస వేతనం ఎగ్గొట్టిన కేసులు అక్కడే వినాలి. సివిల్ దావాను ఆరు నెలల్లో తేల్చాలి. రాజీ కుదిర్చేందుకు మధ్యవర్తులను పెట్టాలి. తీర్పు నకలు పైసా తీసుకోకుండా ఇవ్వాలి. మామూలు కోర్టులో తండ్రి వేసిన దావాకు కొడుకు వాయిదాలు తిరుగుతున్న దేశంలో ఇది చిన్న మాట కాదు.

ఇక 29వ సెక్షన్. విచారణ, తీర్పు వీలైనంత వరకు ఇంగ్లీషులో కాకుండా రాష్ట్ర అధికార భాషల్లో ఒకదానిలో జరగాలని అది చెబుతుంది. ఇంగ్లీషు రాని కోట్లాది మందికి ఇది పెద్ద వరమే. సరిహద్దు తెలుగువాడికి మాత్రం సగం వరం. ఎందుకంటే కర్ణాటకలో అధికార భాష కన్నడం, తమిళనాడులో తమిళం, ఒడిశాలో ఒడియా, మహారాష్ట్రలో మరాఠీ. ఇంగ్లీషు గోడ కూలినా ఇంకో గోడ అలాగే మిగిలింది. యానాం ఒక్కచోటే పరిస్థితి వేరు. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషా చట్టం యానాంలో తెలుగు వాడకానికి చోటిచ్చింది. అయితే అక్కడి మనిషి పై కోర్టుకు వెళ్లాలంటే ఎనిమిది వందల కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి పుదుచ్చేరికో, మద్రాసు హైకోర్టుకో చేరాలి. ఆ గడప దాటితే ఇంగ్లీషే.

దేవుడు వరమిచ్చినా

ఈ సగం వరమైనా చేతికందిందా? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. చట్టం కేంద్రానిది. కోర్టు పెట్టాలా వద్దా అన్న నిర్ణయం రాష్ట్రాలది. మూడేళ్ల తర్వాత ఖర్చంతా తమ నెత్తినే పడుతుందని రాష్ట్రాలు వెనుకంజ వేశాయి. తాలూకా కోర్టుల్లో పనిచేసే ప్లీడర్లలో చాలామందికి ఇది రుచించలేదు. గ్రామ న్యాయాలయాలను నోటిఫై చేయాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు నాలుగు వారాల గడువు పెట్టింది. అయినా 2023 నాటి కేంద్రం లెక్కల్లో దేశం మొత్తమ్మీద పనిచేస్తున్నవి మూడు వందలకు లోపే.

అందులో కర్ణాటక వాటా రెండంటే రెండు. చట్టాన్ని అమల్లోకి తెచ్చిన మంత్రి సొంత రాష్ట్రం పరిస్థితి ఇది. ఒడిశా, మహారాష్ట్రల్లో కొన్ని నడుస్తున్నాయి. తమిళనాడు ఆ జాబితాలోనే లేదు. తెలుగు రాష్ట్రాలు ఏమైనా మేలా అంటే అదీ లేదు. ఆంధ్రప్రదేశ్ 42, తెలంగాణ 55 నోటిఫై చేశాయి. ఆ లెక్కల నాటికి పనిచేస్తున్నవి రెండు చోట్లా సున్నా. సరిహద్దుకు అవతల ఉన్న తెలుగువాడికి, ఇవతల ఉన్నవాడికి ఈ విషయంలో మాత్రం తేడా లేదు. 2023 చివర్లో కర్ణాటక మంత్రివర్గం వంద గ్రామ న్యాయాలయాలకు ఆమోదం తెలిపింది. ఆ వందలో బాగేపల్లి, పావగడ, బళ్లారి వైపు పల్లెలకు ఎన్ని అని అడగాల్సింది అక్కడి ఎమ్మెల్యేలే.

బావ అంటే ఎవరు?

సరిహద్దు జనం రాష్ట్ర భాష నేర్చుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. మూడు నాలుగు తరాలుగా ఉన్నచోట ఆ నేల భాష రాకపోవడం గొప్ప కాదు. నిజానికి వాళ్లకు వస్తుంది కూడా. బాగేపల్లి పిల్లలు కన్నడ బడిలో చదువుతున్నారు. హోసూరులో తెలుగు, కన్నడం, తమిళం మూడూ మాట్లాడే టీకొట్టు ముసలివాళ్లు కనిపిస్తారు. పహణీ అన్నా, పట్టా చిట్టా అన్నా, సాత్‌బారా అన్నా తన పొలం కాగితమేనని ఆయా రాష్ట్రాల తెలుగు రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అయితే సంతలో బేరమాడే భాష వేరు, బోనులో నిలబడి ప్రమాణం చేసి చెప్పే భాష వేరు. భయంలోనూ దుఃఖంలోనూ మనిషికి వచ్చేది తల్లి దగ్గర నేర్చిన మాటే. చదువుకోని ఆడవాళ్ల విషయంలో ఇది మరీ నిజం. సాక్షి "మా బావ అక్కడే ఉన్నాడు" అంటుంది. తెలుగులో బావంటే అక్క మొగుడు కావచ్చు, మేనమామ కొడుకు కావచ్చు, భర్త అన్న కావచ్చు. గుమాస్తా ఇంగ్లీషులో బ్రదర్ ఇన్ లా అని టైపు కొడతాడు. ఏడాది తర్వాత ఎదుటి ప్లీడరు అక్క మొగుణ్ణి చూపించి, ఆ రోజు ఇతను ఊళ్లోనే లేడు కాబట్టి ఆమె అబద్ధం చెబుతోందని వాదిస్తాడు. ఆమె చెప్పింది మేనమామ కొడుకు గురించి. అబద్ధం ఎవరూ ఆడలేదు, మాట మారేటప్పుడు మనిషే మారిపోయాడు. "చేను కుదువ పెట్టినాము" అన్న మాట రికార్డులో అమ్మకంగా పడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఇంకో సంగతి. సరిహద్దు తాలూకాల్లో ప్లీడర్లకు, గుమాస్తాలకు తెలుగు రాకపోవడమంటూ ఉండదు. చెట్టు కింద మాటలన్నీ తెలుగులోనే జరుగుతాయి. ఆ తెలుగు కాగితం ఎక్కేటప్పుడే చిక్కు. పైగా జిల్లా కోర్టుకు వెళ్లేసరికి ఆ సౌకర్యమూ ఉండదు. సిరొంచ నుంచి గడ్చిరోలి జిల్లా కోర్టుకు సుమారు రెండు వందల కిలోమీటర్లు. అంత దూరం వెళ్లినవాడికి అక్కడ తన మాట తెలిసిన మనిషి దొరికితే అదృష్టం, దొరక్కపోతే అంతే సంగతులు.

ఒక తెలుగు మంత్రి, ఒక తెలుగు జడ్జి

న్యాయశాఖను ఏలినవారిలో తెలుగువారూ ఉన్నారు. హైదరాబాద్‌కు చెందిన పి.శివశంకర్ హైకోర్టు జడ్జి పదవి వదిలి రాజకీయాల్లోకి వచ్చి 1980లో ఇందిరాగాంధీ మంత్రివర్గంలో న్యాయశాఖ చేపట్టారు. 1981 మార్చిలో జడ్జీల బదిలీల మీద ఆయన పంపిన లేఖ దేశమంతా దుమారం రేపింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ వివాదమే ఎస్.పి.గుప్తా కేసు. 1987లో హైదరాబాద్‌లో ఆయన చేసిన ప్రసంగం ఇంకా పెద్ద సంచలనం. ఉన్నవాళ్ల వైపే న్యాయమూర్తుల సానుభూతి ఉంటోందని ఆయన కుండబద్దలు కొట్టారు. ధిక్కార కేసు పడింది. అది ధిక్కారం కిందికి రాదని 1988లో సుప్రీంకోర్టు తేల్చింది.

శివశంకర్ లేవనెత్తిన ప్రశ్న నేటికీ బతికే ఉంది. కానీ ఆనాటి నుంచి రిజిజు దాకా మంత్రుల పేరు మోగింది ఎక్కువగా జడ్జీలను ఎవరు వేయాలన్న పోట్లాటలోనే. పైనున్న ఇద్దరు పెద్దలు దెబ్బలాడుకుంటే పేపరుకు వార్త దొరుకుతుంది. కింద నిలబడ్డవాడికి దొరికేది మరో వాయిదా.

దీనికి భిన్నమైన ఘటన 2021 జూలైలో జరిగింది. రెండు దశాబ్దాలు నలిగిన భార్యాభర్తల కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. గుంటూరు జిల్లాకు చెందిన ఆమెకు ఇంగ్లీషు ఇబ్బందిగా ఉందని గమనించిన అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ తెలుగులో మాట్లాడమన్నారు. భర్త జైలుకెళ్తే ఉద్యోగం పోతుంది, నెలనెలా వచ్చే భరణం కూడా ఆగిపోతుందని ఆయనే తెలుగులో వివరించారు. ఆ మాటలు పక్కనున్న న్యాయమూర్తికి ఇంగ్లీషులో చెప్పారు. ఏళ్ల తరబడి తెగని చిక్కుముడి రాజీ బాట పట్టింది. పేపర్లన్నీ మెచ్చుకున్నాయి, మెచ్చుకోదగిందే. అయితే ఆ రోజు ఆ పీఠం మీద తెలుగు జడ్జి ఉండటం ఆమె అదృష్టం. న్యాయం అదృష్టం మీద ఆధారపడితే ఎలా?

చేతిలో ఉన్న హక్కులు

రాజ్యాంగం మార్చాల్సిన పనేమీ లేదు. చట్టంలో ఉన్నవే చాలు, అమలైతే. నిందితుడికి అర్థం కాని భాషలో సాక్ష్యం చెబితే, దాన్ని అతనికి అర్థమయ్యే భాషలో కోర్టులోనే వినిపించాలి. పాత నేర స్మృతిలో ఇది 279వ సెక్షన్. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 314వ సెక్షన్. నిర్బంధానికి కారణాలను నిర్బంధితుడికి తెలిసిన భాషలో చెప్పకపోతే ఆ నిర్బంధమే చెల్లదని సుప్రీంకోర్టు 1962లోనే, హరికిషన్ కేసులో చెప్పింది. అరెస్టు కారణాలను అర్థమయ్యే భాషలో రాసివ్వాలని 2025లో మళ్లీ స్పష్టం చేసింది. ఏ అధికారికైనా ఆ రాష్ట్రంలోనో, కేంద్రంలోనో వాడే భాషలో అర్జీ పెట్టుకునే హక్కు 350వ అధికరణ ఇచ్చింది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి, ఆదాయం తక్కువున్నవారికి ఉచితంగా ప్లీడరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది.

భాషా అల్పసంఖ్యాకుల కోసం 1956లోనే రాష్ట్రాలన్నీ ఒప్పుకున్న రక్షణలున్నాయి. ఒక ప్రాంతంలో పదిహేను శాతం, ఆ పైన మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు రావాలన్నది అందులో ఒకటి. ఈ లెక్కన సరిహద్దు తాలూకాలు చాలావాటికి తెలుగు ప్రకటనలు దక్కాలి. అలాంటిది ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందని తెలుగులో రాసిన ఒక్క బోర్డు ఎన్ని కోర్టుల ముందు కనిపిస్తుంది? హక్కు ఉందని తెలియనివాడికి హక్కు ఉన్నా లేనట్టే.

అడగాల్సింది ఏమిటి?

కర్ణాటకలో కన్నడంలో, తమిళనాడులో తమిళంలో తీర్పు రావడం సబబే. దాన్ని ఎవరూ కాదనడం లేదు. తెలంగాణ హైకోర్టు 2023లో తెలుగులో తీర్పిచ్చినప్పుడు ఇక్కడివారు సంతోషించారు. పక్క రాష్ట్రం తన భాషలో తీర్పిస్తే అలాగే సంతోషించాలి. కావలసింది ఆ భాషకూ బోనులో నిలబడ్డ మనిషికీ మధ్య ఒక వారధి.

సరిహద్దు జిల్లా కోర్టుల్లో తెలుగు తెలిసిన దుబాసీల జాబితా ఉండాలి. వారికి గౌరవమైన వేతనం ఇవ్వాలి, కోర్టు బయట దొరికిన ఎవర్నో పిలిచి నిలబెట్టడం మానాలి. ఉచిత న్యాయ సహాయం ఇచ్చే ప్లీడర్లలో ఇద్దరైనా తెలుగు వచ్చినవారుండాలి. కోర్టు గుమ్మంలో, పోలీస్ స్టేషన్ గోడ మీద తెలుగు బోర్డు పెట్టాలి. గ్రామ న్యాయాలయాలు సరిహద్దు తాలూకాలతో మొదలుకావాలి. 29వ సెక్షన్‌లో రాష్ట్ర అధికార భాషతో పాటు పదిహేను శాతం మంది మాట్లాడే భాషనూ చేరిస్తే సగం వరం పూర్తి వరమవుతుంది. ఇదొక్క తెలుగువారి కోసమే కాదు. ఆంధ్రలో ఉన్న ఒడియా, తమిళ, కన్నడ కుటుంబాలకూ ఇదే న్యాయం దక్కాలి. మొయిలీ పుట్టిన నేల మీద తుళు మాట్లాడే ముసలమ్మకూ అంతే.

వీటిలో కొన్ని హైకోర్టుల పని, కొన్ని రాష్ట్రాల పని. నిజమే. కానీ నిధులు ఇవ్వడం, చట్టం సవరించడం, రాష్ట్రాల వెంటపడి చేయించడం కేంద్ర న్యాయమంత్రి చేతిలోనివే. ఈ పనుల్లో దేనికీ పతాక శీర్షిక రాదు. టీవీలో చర్చ జరగదు. అందుకేనేమో ఏ మంత్రీ వీటి జోలికి పోవడం లేదు.

గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడిస్తే, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని తెలుగునాట పాత సామెత. సరిహద్దులో మూడోవాడు కూడా ఉన్నాడు. గెలిచాడో ఓడాడో తెలియక, ప్లీడరు బయటికొచ్చి చెప్పేదాకా మెట్ల మీద నిలబడేవాడు. ఓట్లడగడానికి వచ్చే ఏ పార్టీ అభ్యర్థినైనా ముందుగా ఆ మెట్ల దగ్గరికి తీసుకెళ్లాలి. ఢిల్లీలో న్యాయశాఖ ఎవరిదైనా, ఆ మనిషి తన తీర్పును తానే విని అర్థం చేసుకున్న రోజే ఆ శాఖ పనిచేసినట్టు.